రష్యన్ అచ్చు మీది స్వరచిహ్నం పక్కకు జరుగుతోంది, వెతికితే పదం దొరకడం లేదు

ప్రశ్న: హైదరాబాదులో రష్యన్ నేర్చుకుంటూ ఒక రష్యన్–తెలుగు పదకోశం తయారు చేసుకుంటున్నాను. ఒకే అక్షరక్రమం ఉన్న పదాన్ని మొదటి అచ్చు మీద ఊనిక ఇస్తే కోట అని, రెండో అచ్చు మీద ఇస్తే తాళం అని అర్థం కాబట్టి ఊనికను చూపే స్వరచిహ్నం తప్పనిసరి. అది ఎందుకు పక్కకు జరుగుతోందో దయచేసి చెప్పగలరా?

జవాబు 1: మాసిడోనియన్ హల్లులు రెండింటికి ఈ చిహ్నంతో కలిపి, ప్రతి అక్షరానికీ ఒక సంకేత సంఖ్య ఇచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో విడి సంకేతాలున్నా, రష్యన్ అచ్చులకు లేవు. అందుకే 0430 అనే అచ్చు తర్వాత 0301 అనే చిహ్నం విడిగా నిల్వ అవుతుంది. మన "కి"లో కకారం, గుడి రెండు సంకేతాలుగా ఉన్నట్టే. చిహ్నం ఎక్కడ కూర్చోవాలో చెప్పే సమాచారం ఫాంటులో లేకపోతే అది పక్కకు జారుతుంది. ముందు ఫాంటు మార్చి చూడండి.

జవాబు 2: చిహ్నం లేకుండా వెతికితే చిహ్నమున్న పదంతో సరిపోలదు కాబట్టి వెతుకులాటకు ఇంకో జాగ్రత్త అవసరం. "యో" అక్షరాన్ని 0451గానూ, 0435 అనే అచ్చు, 0308 అనే రెండు చుక్కల చిహ్నం జతగానూ రాయవచ్చు. చూపుకు ఒకటే అయినా కంప్యూటరుకు వేరు. కనుక పాఠాన్ని మొదట విడదీసి, 0301ను మాత్రమే తొలగించి, మళ్లీ కలిపి వెతుకులాట సూచికలో పెట్టండి. చిహ్నాలన్నీ తీసేయకండి, ఎందుకంటే అక్షరం మీది 0306 అనే చిహ్నం పోతే "య్" అక్షరం "ఇ"గా మారి పదమే చెడుతుంది.

ప్రశ్న అడిగినవారు: ఫాంటు మార్చగానే చిహ్నం సరిగ్గా అచ్చు నెత్తిన కూర్చుంది. సూచికను ఈ రాత్రి సరిచేస్తాను. ఇద్దరికీ కృతజ్ఞతలు.