ఒహ్తానీ వాక్యంలోని "అకొగరెరు" క్రియకు తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. 2023 మార్చిలో, దేశాల జట్లు తలపడే వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో అమెరికాతో ఫైనల్‌కు ముందు, మయామీలో ఆటగాళ్ళ గదిలో షోహెయ్ ఒహ్తానీ తన జపాన్ సహచరులతో అన్న ఒక మాట ఆ దేశపు అభిమానుల నోళ్ళలో బాగా నానింది. "అకొగరెరు నొ ఒ యమెమషో" అన్నది ఆ వాక్యం. జనం నోట ఎక్కువగా నలిగిన కొత్త మాటలకు జపాన్‌లో ఏటా ఇచ్చే పురస్కారానికి ఆ సంవత్సరం పరిశీలించిన 30 మాటల్లో ఇదీ ఒకటి. బేస్‌బాల్ చూసే మా మిత్రబృందంలో ఒకరు దీన్ని "అభిమానించడం మానేద్దాం" అని, మరొకరు "ఆరాధించడం మానేద్దాం" అని తెలుగు చేశారు. రెండూ చదవగానే ఏదో తేడాగా తోస్తున్నాయి కానీ, ఆ తేడా ఎక్కడుందో చెప్పలేకపోతున్నాను. జపనీస్ తెలిసినవారు వివరించగలరా?

జవాబు:

మీకు తేడాగా తోచడం సహజమే. ముందుగా "అభిమానించడం" సంగతి చూద్దాం. తెలుగులో ఆటను వెంబడించేవాడికి మనం పెట్టుకున్న పేరే అభిమాని కనుక, "అభిమానించడం మానేద్దాం" అనే వాక్యం ఒక ఆటగాడి నోట వినిపిస్తే, స్టేడియంలో కూర్చున్నవాళ్ళను ఇళ్ళకు వెళ్ళిపొమ్మన్నట్టు ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. "అభిమానం" అనే మాటకు తెలుగులో ఇతరుల మీద ప్రీతి అనే అర్థం ఎంత బలంగా ఉందో, తన మీద తనకున్న గౌరవం అనే అర్థమూ అంతే బలంగా ఉంది. "అభిమానం చంపుకొని అడిగాడు" అన్నప్పుడు మనం చెప్పేది ఆ రెండో అర్థాన్నే. ఒహ్తానీ ఆ రోజు సహచరులను నిలబెట్టుకోమన్నది సరిగ్గా ఆ రెండో రకం అభిమానాన్నే కనుక, ఈ అనువాదం ఆయన కోరినదాన్నే వద్దన్నట్టు తిరగబడుతుంది.

ఇక "ఆరాధన". ఇందులో పూజ ఉంది, నియమం ఉంది, ఆరాధించేవాడు తెలిసి చేసే పని అనే భావం ఉంది. "అకొగరెరు" తెలిసి చేసే పని కాదు. అది మనిషికి జరిగిపోయేది. ఈ క్రియకు పాత రూపం "అకుగరు". ఉండవలసిన చోటు అని అర్థమిచ్చే ఒక పాత పదానికి, విడిపోవడం అనే క్రియ కలిసి ఇది పుట్టిందని సాధారణంగా చెబుతారు. అంటే ఉండవలసిన చోటు నుంచి మనసో ప్రాణమో జారి బయటికి వెళ్ళిపోవడం. వెయ్యేళ్ళ కిందటి కవయిత్రి ఇజుమి షికిబు, తనను ఒక పురుషుడు మరచిన రోజుల్లో కిఫునె మందిరానికి వెళ్ళి, అక్కడి ఏటి మీద ఎగిరే మిణుగురులను చూసి, అవి తన ఒంట్లోంచి వెళ్ళిపోయిన తన ప్రాణమేనేమో అనిపిస్తోందని ఒక పద్యం చెప్పింది. ఆ పద్యంలో "వెళ్ళిపోయిన" అన్న చోట ఉన్నది ఈ క్రియే. ఆధునిక జపనీస్‌లో ఇది చాలా మెత్తబడి, ఒకరిని చూసి అలా కావాలని మనసు అటే లాగడం అనే అర్థంలో నిలిచింది. పిల్లవాడు తనకు నచ్చిన ఆటగాడి గురించి చెప్పేటప్పుడు వాడేది ఈ మాటనే.

ఇప్పుడు ఒహ్తానీ చెప్పిన మిగతా మాటలు చూడండి. అమెరికా జట్టులో మొదటి బేస్ దగ్గర గోల్డ్‌ష్మిట్ ఉంటాడు, సెంటర్ వైపు చూస్తే మైక్ ట్రౌట్ ఉంటాడు, బయటి మైదానంలో మూకీ బెట్స్ ఉంటాడు, బేస్‌బాల్ ఆడినవాళ్ళెవరైనా విని ఉండే పేర్లే ఇవన్నీ అని ముందు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాకే అసలు మాట వస్తుంది: అలా అయిపోతే వాళ్ళను దాటలేం, మనం దాటడానికే వచ్చాం, ఈ ఒక్కరోజు మాత్రం ఆ భావాన్ని విడిచి గెలుపు గురించే ఆలోచిద్దాం. ఎదుటివాళ్ళ గొప్పతనాన్ని ఆయన ఎక్కడా తగ్గించలేదు. ఆ గొప్పతనాన్ని చూసి మన మనసు మన చోటు వదలకూడదన్నారు, అంతే.

అందువల్ల తెలుగులో నా ఓటు "మైమరచిపోవడం" అన్న మాటకు. "మై" అంటే ఒళ్ళు. ఒంటి మీద తెలివి తప్పడమే మైమరపు. ఒంటిని వదిలి ప్రాణం బయటికి పోవడం అనే జపనీస్ ఊహకు ఇంత దగ్గరగా వచ్చే అచ్చతెలుగు మాట నాకు మరొకటి కనిపించలేదు. సంస్కృతం నుంచి కావాలంటే "పరవశించడం" ఉంది. ఇతరుల వశంలోకి పోవడమే పరవశం కనుక అర్థం ఇంకా సూటిగా సరిపోతుంది. అయితే గదిలో ఇరవై ఎనిమిదేళ్ళ ఆటగాడు మాట్లాడిన తీరుకు అది కాస్త బరువు.

వ్యాకరణం మాటకొస్తే, ఈ వాక్యం తెలుగువాళ్ళ కోసమే పుట్టినట్టుంటుంది. "అకొగరెరు నొ" అన్నది మన "-డం" రూపం, "ఒ" ద్వితీయా విభక్తి, "యమెరు" మానడం, "-మషో" మన "-దాం". ఇంగ్లీషులో వాక్యాన్ని తలకిందులు చేయాలి, మనకు ఆ అవసరమే లేదు. ఇంకా విశేషం, "అలా అయిపోతే" అన్న చోట ఆయన వాడినది "అకొగరెతె షిమత్తర". అందులోని "షిమౌ" అనే సహాయ క్రియ చేసే పని మన "పోవు" చేసేదే. మురిసిపోవడం, కరిగిపోవడం, మైమరచిపోవడం అన్నప్పుడు మన చేతిలోంచి జారిపోయిందనే భావాన్ని "పోవు" ఎలా తెస్తుందో, "షిమౌ" అలాగే తెస్తుంది. కాబట్టి "మైమరచిపోతే వాళ్ళను దాటలేం" అన్నది మాటకు మాటగా కూడా సరిపోతుంది.

మరొక సభ్యురాలు:

జవాబు రాసినవారికి ధన్యవాదాలు, కానీ నాకొక అభ్యంతరం ఉంది. మైమరపు ఒక పాట వింటున్నంత సేపు ఉండి పోయేది. మీరే చెప్పిన "అలా కావాలని మనసు అటే లాగడం" అనేది ఏళ్ళ తరబడి ఉండేది. ఆ వాక్యాన్ని విన్న జపాన్ అభిమానులు అంతగా కదిలిపోవడానికి కారణం ఆ ఏళ్ళే కదా. 1934లో బేబ్ రూత్, లూ గెరిగ్ ఉన్న అమెరికా జట్టు జపాన్ వచ్చినప్పుడు టోక్యో వీధుల్లో జనం విరగబడి చూశారు. అదే పర్యటనలో షిజువొకలో, 17 ఏళ్ళ ఎయ్‌జి సవమురా ఆ మహామహులను వరుసగా అవుట్ చేసినా, చివరికి గెరిగ్ కొట్టిన ఒక్క హోమ్ రన్‌తో 1-0 తేడాతో జపాన్ జట్టు ఓడిపోయింది. ఓడిన ఆ ఆటను జపాన్ ఇప్పటికీ గర్వంగా తలచుకుంటుంది. అప్పటినుంచి అమెరికా వైపు తలెత్తి చూడడం అక్కడి బేస్‌బాల్‌లో ఒక అలవాటు. 2006, 2009 సంవత్సరాల్లో ఇదే పోటీలో జపాన్ విజేతగా నిలిచినా ఆ చూపు పూర్తిగా దిగలేదు. 2023 జట్టులో అమెరికా లీగుల్లో ఆడుతున్నవారు కొద్దిమందే. మిగిలినవారికి ట్రౌట్, బెట్స్ టీవీలో చూసిన మనుషులు. ఇంత పాత భావాన్ని "మైమరపు" మోయగలదా? "తలెత్తి చూడడం మానేద్దాం" అంటే ఎలా ఉంటుంది?

జవాబు:

అమ్మా, మీ అభ్యంతరంలో బలం ఉంది. చరిత్ర గురించి మీరు చెప్పినదంతా ఆ మాట వెనక ఉన్నదే. అయినా "తలెత్తి చూడడం" విషయంలో నాకు భయం వేస్తోంది. తెలుగులో "తలెత్తుకోవడం" గర్వానికి గుర్తు. "తలెత్తి చూడడం మానేద్దాం" అనగానే తెలుగు పాఠకుడు తలదించుకుందామని అంటున్నారేమో అనుకుంటాడు, అంటే "అభిమానించడం" దగ్గర పడిన గోతిలోనే మళ్ళీ పడతాం. "మోజుపడటం" ఇంకా పనికిరాదు. అది చీరకో బండికో తగిన మాట.

కాలం సంగతి అంటారా, దానికి వాక్యంలోనే సమాధానం ఉందని నా అభిప్రాయం. "క్యో ఇచినిచి దకె వ" అంటూ ఆయన అదే ప్రసంగంలో రెండుసార్లు గడువు పెట్టారు. చివర ఉన్న "వ" అనే ప్రత్యయం మన "మాత్రం" లాంటిది: మిగతా రోజుల సంగతి వేరు, ఈ ఒక్కరోజు మాత్రం అని. ఏళ్ళ నాటి ఆశను తుడిచేయమని ఎవరూ అడగలేదు. అంతెందుకు, అప్పటికి ట్రౌట్, ఒహ్తానీ ఇద్దరూ అమెరికా లీగులో ఏంజెల్స్ అనే ఒకే జట్టు సభ్యులు. ఆ ఫైనల్ చివరి బంతికి ఒహ్తానీ చేతిలో అవుటైనది ఆ ట్రౌటే. జపాన్ 3-2 తేడాతో గెలిచింది. ఆ మర్నాటినుంచి మళ్ళీ ఎవరి మీద ఎవరికి ఎంత మక్కువ ఉన్నా అడ్డేమీ లేదు. ఒక్క పూటకు ఆపమంటున్నది ఆశను కాదు, ఆశ కలిగించే మత్తును అనుకుంటే, ఆ పూటకు సరిపడే మాట మైమరపే.

వేరొక సభ్యుడు:

చర్చ మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఆ పోటీలోనే జపాన్ జట్టు ఆటగాడు లార్స్ నూట్‌బార్ రెండు పిడికిళ్ళూ ఒకదాని మీద ఒకటి పెట్టి మిరియాల మర తిప్పినట్టు చేసే సైగను జపాన్ ప్రేక్షకులందరూ అందుకున్నారు కదా. దాని పేరు అదే పురస్కారంలో మొదటి పది మాటల్లో చోటు సంపాదించింది. దాన్నీ తెలుగు చేయవచ్చా?

జవాబు:

చేయవచ్చు కానీ చేయకపోవడమే మేలు. ఇంగ్లీషులో గ్రైండ్ అనే క్రియకు పట్టు విడవకుండా శ్రమించడమనే అర్థం ఉంది కనుక అక్కడ ఆ సైగకు ఒక అర్థం కుదిరింది. మన భాషలో ఎవరి మీదైనా కోపంతో రగిలిపోతున్నవాళ్ళను "కారాలు మిరియాలు నూరుతున్నారు" అంటాం. బేస్ చేరిన నూట్‌బార్ ప్రేక్షకుల వైపు తిరిగి మిరియాలు నూరాడని రాస్తే, పాపం, సొంత అభిమానులతోనే గొడవ పెట్టుకున్నాడని పాఠకులు అనుకుంటారు. సైగను సైగగా వర్ణించి, ఉత్సాహపరచే గుర్తని ఒక ముక్క చేర్చి వదిలేయండి. ఆ నెలలోనే ఒక హైస్కూలు ఆటగాడు కోషియెన్ మైదానంలో అదే సైగ చేసి అంపైర్ చేత మందలింపు తిన్నాడు కనుక, జపాన్‌లోనూ అందరికీ అది ఒకేలా అర్థం కాలేదన్నమాట.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. "ఈ ఒక్కరోజు మాత్రం వాళ్ళను చూసి మైమరచిపోవడం మానేద్దాం. మైమరచిపోతే వాళ్ళను దాటలేం" అని రాసుకున్నాను. చివర ఆయన "సా, ఇకో" అని ముగించారు. దానికి "పదండి" అంటే సరిపోతుందా?

జవాబు:

ఒక్క విషయం గమనించండి. "యమెమషో" మర్యాద రూపం, "ఇకో" చనువు రూపం. మొదట వినయంగా మొదలుపెట్టి, చివర ఒక్కసారిగా ఆ ముసుగు తీసేశారు. మనకు బహువచనమూ గౌరవమూ ఒకే ప్రత్యయంలో కలిసిపోతాయి కనుక, "పదండి" అంటే ఆ మార్పు వినిపించదు. "పదండ్రా" అంటే చనువు వినిపిస్తుంది కానీ, ఆ గదిలో ఒహ్తానీ కంటే ఎనిమిదేళ్ళు పెద్దవాడైన యు దర్విష్ కూడా ఉన్నాడు. తెలుగు చెవికి అది మరీ మొరటు. "ఇకో" కూడా అసలు "-దాం" రూపమే. "మానేద్దామండీ" అని మొదలుపెట్టి, చివర "అండీ" లేకుండా "ఇక వెళ్దాం!" అని వదలండి.