అలబామా ఫుట్‌బాల్ రికార్డులు: ఒక్కో చోట ఒక్కో లెక్క ఎందుకు?

వికీపలక:
అలబామా యూనివర్సిటీ క్రిమ్సన్ టైడ్ జట్టు (అమెరికన్ ఫుట్‌బాల్) మీద తెలుగు వికీపీడియా వ్యాసానికి పట్టిక కడుతున్నాను. తొలి సీజన్ 1892 నుంచి గెలుపోటములు, టైటిళ్లు, కోచ్‌లు, ఆటగాళ్ల రికార్డులు అన్నీ పెట్టాలి. మూడు చోట్ల లెక్క కుదరట్లేదు. జాతీయ టైటిళ్లు యూనివర్సిటీ 18 అంటుంది, వేరే జాబితాల్లో 12 అనీ 13 అనీ ఉన్నాయి. 1993 సీజన్ ఒకచోట 9-3-1 (గెలుపులు-ఓటములు-టైలు), ఇంకోచోట 1-12. కోచ్ నిక్ సేబన్ గెలుపులు 206 అని కొందరు, 201 అని కొందరు. ఏది వేయాలండీ?

పాత స్కోర్‌బోర్డు:
మీరు చూసినవాటిలో ఏదీ తప్పు కాదు, లెక్కకట్టే పద్ధతులే వేరు. ముందు టైటిళ్ల సంగతి చూద్దాం.

పై డివిజన్ ఫుట్‌బాల్‌లో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ) సొంతంగా ఛాంపియన్‌ని ప్రకటించదు. ఆ పని బయటివాళ్లు చేస్తూ వచ్చారు. ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్) వార్తాసంస్థ ఓట్లతో జట్లకి ర్యాంకులిచ్చే వారంవారం పోల్ 1936లో మొదలైంది, కోచ్‌ల పోల్ 1950లో. ఏపీ అలబామాకి నంబర్ వన్ ఇచ్చింది 12 సార్లు: 1961, 1964, 1965, 1978, 1979, 1992, 2009, 2011, 2012, 2015, 2017, 2020. 1973లో ఏపీ నోట్రడామ్ వైపు, కోచ్‌ల పోల్ అలబామా వైపు. అది కలిపితే 13. 1925, 1926, 1930, 1934, 1941 అనే ఐదింటిని యూనివర్సిటీ 1980లలో తన మీడియా గైడ్‌లో చేర్చుకుంది. దాంతో 18.

ఆ ఐదింటిలో నాలుగింటికి ఎదురు చెప్పడం కష్టం. 1925 జట్టు 10-0, రోజ్ బౌల్‌లో (సీజన్ చివర ఆడే ‘బౌల్’ ఆటల్లో ఒకటి) వాషింగ్టన్ మీద 20-19. 1930, 1934 జట్లు కూడా 10-0. 1926లో స్టాన్‌ఫర్డ్‌తో 7-7 టై, అంటే 9-0-1. 1941 మాత్రం మింగుడుపడదు. ఆ ఏడాది మిసిసిపీ స్టేట్ చేతిలో 14-0తో, వాండర్‌బిల్ట్ చేతిలో 7-0తో ఓడి, ఏపీ పోల్‌లో 20వ స్థానంలో ఉన్నారు. ఒక్క ఆటా ఓడని మిన్నెసోటా ఉండగా, హౌల్‌గేట్ అనే లెక్కల పద్ధతి అలబామాని పైన పెట్టింది, దాన్ని పట్టుకుని టైటిల్ వేసుకున్నారు. విడ్డూరం ఏంటంటే, 1945లో 10-0, 1966లో 11-0 ఆడిన జట్ల పేరున మాత్రం ఏమీ వేసుకోలేదు.

పట్టికలో ఒకే అంకె వేయకండి. ‘యూనివర్సిటీ చెప్పుకునేవి’, ‘ఏపీ’, ‘కోచ్‌ల పోల్’ అని మూడు గడులు పెట్టండి. కోచ్‌ల గడిలో 1965, 1978 రావు. ఆ ఏళ్లలో అది మిషిగన్ స్టేట్‌ని, యూఎస్‌సీని ఎంచుకుంది.

శనివారం ఆట:
పైదానికి ఒక ముక్క కలుపుతాను. పాత పోల్స్‌లో ఆఖరి ఓటు బౌల్ గేమ్‌కి ముందే పడిపోయేది. 1964 టైటిల్ చేతికొచ్చాక ఆరెంజ్ బౌల్‌లో టెక్సస్ చేతిలో 21-17తో ఓడారు, టైటిల్ అలాగే ఉండిపోయింది. మరుసటి ఏడాది ఏపీ ఓటును బౌల్స్ తర్వాతికి మార్చింది, అదీ అలబామాకే కలిసొచ్చింది: నాలుగో స్థానంలో ఉన్న జట్టు, పైనున్నవాళ్లు ఓడి, తాను నెబ్రాస్కాని 39-28తో గెలిచేసరికి ఒకటోస్థానానికి ఎక్కింది. 1966లో ఏపీ మళ్లీ పాత పద్ధతికే వెళ్లింది, 1968 నుంచి బౌల్స్ తర్వాతే ఓటు. కోచ్‌ల పోల్ 1974లో గానీ మారలేదు. 1973లో షుగర్ బౌల్‌లో నోట్రడామ్ చేతిలో 24-23తో ఓడినా కోచ్‌ల టైటిల్ నిలిచిందంటే కారణం అదే.

గణాంకాల గోపి:
1993, సేబన్ లెక్కలు రెండూ ఎన్‌సీఏఏ శిక్షల వల్ల వచ్చినవే. కానీ రెండూ ఒకే రకం శిక్ష కావు. పట్టికల్లో ఎక్కువగా తప్పేది ఇక్కడే.

ఒకటి ఫోర్ఫీట్. గెలిచిన ఆట ఓటమిగా మారుతుంది, అవతలి జట్టు ఖాతాలో గెలుపు పడుతుంది. 1993లో అర్హత లేని ఆటగాడిని ఆడించినందుకు 8 గెలుపులు, టెనెసీతో 17-17 టై పోయాయి. 9 గెలుపుల్లో 8 పోతే 1. ఓటములు 3, వాటికి 8 కలిపి, ఆ టైని కూడా కలిపితే 12. దాంతో కోచ్ జీన్ స్టాలింగ్స్ మొత్తం 70-16-1 కాస్తా 62-25 అయింది.

రెండోది వెకేట్. గెలుపు మాత్రం చెరిగిపోతుంది, ఓటమిగా మారదు. అవతలి జట్టుకీ ఏమీ రాదు, వాళ్ల ఓటమి అలాగే ఉంటుంది. స్కాలర్‌షిప్ మీద ఉచితంగా వచ్చే పాఠ్యపుస్తకాలను ఆటగాళ్లు వేరేవాళ్లకి ఇప్పించిన వ్యవహారంలో 2005 నుంచి 2007 దాకా 21 గెలుపులు ఇలా పోయాయి: 2005లో పదికి పదీ, 2006లో ఆరూ, 2007లో ఐదు. అందుకే 2005 వరస 0-2గా కనిపిస్తుంది. రెండు ఆటలే ఆడారా అని చదివేవాళ్లు తికమకపడతారు. ఆ 2007 ఐదూ సేబన్ ఖాతావి: మైదానంలో 206-29, అధికారికంగా 201-29.

స్ప్రెడ్‌షీట్‌లో ‘మైదానంలో’, ‘అధికారికంగా’ అని రెండు నిలువు వరసలు పెట్టి, మొత్తాలు విడివిడిగా కట్టండి. ఒక సీజన్ ఇక్కడినుంచీ ఒక సీజన్ అక్కడినుంచీ తెచ్చి కూడితే ఏ మొత్తంతోనూ సరిపోదు. సరిచూసుకోడానికి ఒక దారి ఉంది: ఫోర్ఫీట్ ఏడాదిలో ఆటల సంఖ్య మారకూడదు (13కి 13), వెకేట్ ఏడాదిలో చెరిపినన్ని తగ్గాలి.

వికీపలక:
ధన్యవాదాలండీ, ఇది పట్టుకుంటే 1993 సరిపోయింది. ఆటగాళ్ల రికార్డుల్లో కూడా ఇలాంటి మెలికలు ఉన్నాయా?

పాత స్కోర్‌బోర్డు:
ఉన్నాయి, పెద్దవే. బౌల్ గేమ్ గణాంకాలను ఎన్‌సీఏఏ 2002 నుంచే సీజన్ లెక్కలో కలుపుతోంది. అలబామా ఆటగాడు డెరిక్ హెన్రీ 2015లో 2,219 యార్డులు పరుగెత్తి, 1981లో జార్జియా ఆటగాడు హెర్షెల్ వాకర్ పెట్టిన 1,891 ఎస్‌ఈసీ (అలబామా, జార్జియా ఆడే కాన్ఫరెన్స్) రికార్డు దాటాడు. హెన్రీవి 15 ఆటలు, వాకర్‌వి 11. 12 రెగ్యులర్ సీజన్ ఆటలకి హెన్రీ 1,797 దగ్గరే ఉన్నాడు. ఫ్లోరిడాతో కాన్ఫరెన్స్ ఫైనల్లో 189 తీసి రికార్డు దాటాడు, జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్ ఆటలు రెండింటిలో మరో 233. జాతీయ రికార్డు ఓక్లహోమా స్టేట్ ఆటగాడు బారీ సాండర్స్‌ది, 1988లో 11 ఆటల్లో 2,628. ఆ ఏడాది హాలిడే బౌల్‌లో తీసిన 222 అందులో లేవు. అందుకే యార్డుల పక్కన ఆటల సంఖ్య తప్పనిసరి.

సాక్స్ (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొట్టడం) సంగతి ఇంకా అన్యాయం. ఎన్‌సీఏఏ వాటిని 2000 నుంచే అధికారికంగా లెక్కిస్తోంది. 1988లో అలబామా డిఫెన్స్ ఆటగాడు (లైన్‌బ్యాకర్) డెరిక్ థామస్ 27 తీసినా, సీజన్ రికార్డు పుస్తకంలో 2002 నాటి టెరెల్ సగ్స్ 24 ఉంటుంది. థామస్‌ది, ఇంగ్లిష్‌లో ‘స్కూల్ రికార్డ్’ అని ఉంది కదా అని, ‘పాఠశాల రికార్డు’ అని రాయకండి, ‘యూనివర్సిటీ రికార్డు’ అనండి. తెలుగు వ్యాసాల్లో ఇది తరచూ తప్పుతుంది.

గణాంకాల గోపి:
క్వార్టర్‌బ్యాక్‌ల వరసలో పరుగు యార్డులు మైనస్‌లో కనిపిస్తే టైపు తప్పనుకుని దిద్దకండి. కాలేజీ ఆటలో సాక్‌లో పోగొట్టుకున్న యార్డులు అతని పరుగులోంచే తీసేస్తారు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా చేయరు.

తేదీలూ చూసుకోండి. జనవరిలో ఆడిన బౌల్ గేమ్ ముందటి ఏడాది సీజన్‌కి చెందుతుంది. ఒహాయో స్టేట్‌ని 52-24తో గెలిచింది 2021 జనవరి 11న, టైటిల్ మాత్రం 2020ది. వాషింగ్టన్ మీద గెలిచిన రోజ్ బౌల్ కూడా 1926 జనవరి 1న జరిగింది, కాబట్టి 1925 వరసలో వేయాలి. ‘సీజన్’, ‘ఆట తేదీ’ వేరువేరు గడుల్లో ఉంచితే ఈ గొడవ ఉండదు.

శనివారం ఆట:
మూడో అంకె, అంటే టై, 1995 వరకే ఉంచండి. 1996 నుంచి ఓవర్‌టైమ్ వచ్చింది కాబట్టి ఆ తర్వాత ఆ గడిలో ఏమైనా పడితే ఎక్కడో కాపీ తప్పినట్టే.