ప్రోలాగ్‌లో ఎర్రర్ వచ్చినా ‘ఫాల్స్’ అనే ఎందుకు వస్తోంది?

ప్రశ్న (ఎంసీఏ విద్యార్థి, ఉప్పల్):
నమస్కారం. హైదరాబాద్ మెట్రో స్టేషన్ల మధ్య మార్గాన్నీ దూరాన్నీ చెప్పే చిన్న ప్రోగ్రామ్‌ను తర్కం ఆధారంగా నడిచే ప్రోగ్రామింగ్ భాష అయిన ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్‌లో రాస్తున్నాను. ఉప్పల్ నుంచి రాయదుర్గానికి అడిగితే సరిగానే చెబుతోంది గానీ, అమీర్‌పేటలో లైను మారవలసిన మియాపూర్‌కు అడిగితే ‘ఫాల్స్’ అంటోంది. ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోకూడదని గోల్ (రుజువు చేయమని అడిగే ప్రశ్న) మొత్తాన్నీ ‘కాచ్(గోల్, _, ఫెయిల్)’లో పెట్టాను; అంటే ఏ ఎర్రర్ వచ్చినా పట్టుకుని ఫెయిల్ కమ్మని. దాటిన స్టేషన్లను ‘అసర్ట్‌జడ్’ (ప్రోగ్రామ్‌కు కొత్త ఫ్యాక్టును చేర్చే ఆదేశం)తో నమోదు చేస్తున్నాను. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు (తార్కికుడు, తార్నాక):
ముందుగా ఆ కాచ్‌ను తీసేసి నడపండి. ఫెయిల్ కావడమంటే ఉన్న నియమాలతో రుజువు దొరకలేదని అర్థం; ఎక్సెప్షన్ (ఎర్రర్) అంటే రుజువు ప్రయత్నమే ముందుకు సాగలేదని అర్థం. మీరు పెట్టిన అండర్‌స్కోర్ ఏ ఎర్రర్‌తోనైనా యూనిఫై అవుతుంది (సరిపోలుతుంది) కనుక, రెండోది మొదటిదిగా మారిపోయి, ఏమీ జరగనట్టే బ్యాక్‌ట్రాకింగ్ (వెనక్కి మళ్లి ఇంకో దారి వెతకడం) కొనసాగుతోంది. లైను మారే క్లాజు (నియమం)లో దూరం వేరియబుల్‌కు విలువ రాకముందే, లెక్క కట్టే ‘ఈజ్’ నడుస్తోందని నా అనుమానం. అదే అయితే ఇన్‌స్టాన్షియేషన్ ఎర్రర్ కనబడుతుంది. కాచ్ తప్పదనుకుంటే, మీరు ఎదురుచూసే ఎర్రర్ రూపాన్ని మాత్రమే రెండో ఆర్గ్యుమెంట్‌లో రాయండి. లేకపోతే రేపు టైమ్ లిమిట్ పెట్టినా దాని ఎక్సెప్షన్‌ను కూడా ఇదే మింగేస్తుంది.

ఇక నమోదు సంగతి. 1995 నాటి ఐఎస్‌ఓ ప్రమాణం ప్రకారం త్రో (ఎర్రర్‌ను విసరడం) జరిగినప్పుడు విసిరిన టర్మ్‌కు నకలు తీసి, కాచ్‌ను పిలిచాక ఏర్పడిన బైండింగులన్నీ (వేరియబుల్‌లకు వచ్చిన విలువలన్నీ) రద్దు చేస్తారు. అసర్ట్‌జడ్ చేర్చిన ఫ్యాక్టులు మాత్రం అలాగే ఉండిపోతాయి. అందువల్ల మీ రెండో ప్రశ్నకు అమీర్‌పేట అప్పటికే దాటిన స్టేషన్‌గా కనిపించి, ఈసారి నిజంగానే ఫెయిల్ అవుతుంది. పని ముగిశాక శుభ్రం చేసే గోల్‌ను నడిపించే సెటప్_కాల్_క్లీనప్‌తో వాటిని చెరిపించవచ్చు.

జవాబు (పాత ప్రోగ్రామర్, బేగంపేట):
పై వివరణ సరైనదే కానీ, చివరి సలహా ఇక్కడ సరిపోదు. మార్గం ప్రెడికేట్ (మార్గాన్ని వెతికే నియమాల సమూహం) ఇంకో దారి కోసం చాయిస్ పాయింట్లను (తిరిగి ప్రయత్నించగల మలుపులను) మిగిల్చినంత కాలం, కట్ (మిగిలిన దారులను వదిలేయమనే ‘!’) వేస్తేనో, ఆ దారులన్నీ అయిపోతేనో, ఎర్రర్ వస్తేనో తప్ప, క్లీనప్ నడవదు. దాటిన స్టేషన్లను లిస్టుగా ఆర్గ్యుమెంట్‌లోనే పంపండి. బ్యాక్‌ట్రాక్ అయినప్పుడు ఆ లిస్టు దానంతటదే పాత స్థితికి వస్తుంది. మరొకటి: గోల్ సఫలమై బయటికి వచ్చాక, దాని పక్కన రాసిన ఛార్జీ లెక్కలో వచ్చే ఎర్రర్‌ను ఆ కాచ్ పట్టదు. వెనక్కి మళ్లి మార్గంలోకి తిరిగి ప్రవేశిస్తే మాత్రం కాచ్ మళ్లీ పనిచేస్తుంది.