దసరా రోజు జమ్మి ఆకునే బంగారం అని ఎందుకు అంటాం?

ప్రశ్న:
పోయిన దసరాకి మా పాప జమ్మి ఆకు తెచ్చి వాళ్ల తాతయ్య చేతిలో పెట్టి "బంగారం" అని కాళ్లకు మొక్కింది, మొక్కి లేచీ లేవగానే "ఇది ఆకే కదా తాతా, బంగారం ఎట్లయింది?" అని అడిగింది. మా నాన్న రఘు మహారాజు కథ చెప్పారు, కుబేరుడు జమ్మి చెట్టు మీద బంగారం కురిపించాడని. సరే, కానీ ఇన్ని చెట్లుండగా ఈ ముళ్ల చెట్టే ఎందుకు?

జవాబు:
విరాటపర్వం గుర్తు చేసుకోండి. అజ్ఞాతవాసానికి ముందు పాండవులు ఆయుధాలు మూటగట్టి శ్మశానం దగ్గరి జమ్మి మీద దాచి, ఎవరూ అటు రాకుండా ఒక శవాన్ని కూడా కట్టారు. తర్వాత ఉత్తరుణ్ణి చెట్టెక్కించి అర్జునుడు గాండీవం దింపించుకున్నాడు. మనం దసరాకి చదివే శ్లోకంలో "అర్జునస్య ధనుర్ధారీ" అన్నది అందుకే.

జవాబు:
ఇంకా పాత సంగతి ఒకటుంది. యజ్ఞానికి నిప్పు పుట్టించే అరణికి జమ్మి మీద మొలిచిన రావి కర్రే శ్రేష్ఠం అంటారు, జమ్మి కడుపులో అగ్ని ఉంటుందని నమ్మకం. పైకి మామూలు ముళ్ల చెట్టు, లోపల నిప్పు, కొమ్మల్లో గాండీవం. నా దృష్టిలో ఇది అప్పగించింది దాచిపెట్టి, అడిగిన రోజు తిరిగిచ్చే చెట్టు. పెద్దల చేతిలో పెట్టడానికి ఇంతకన్నా మంచి ఆకు ఏముంటుంది?

జవాబు:
అన్నా, మీరు చెప్పింది బాగుంది కానీ పండగ తెల్లారి ఆ చెట్టును చూస్తే ఏడుపొస్తది. మా ఊరి చివర ఉన్నది ఒక్కటే జమ్మి, రెండు ఆకుల కోసం చేయంత కొమ్మ విరుస్తారు, తోలు చీరి మొదలు దాకా వేలాడుతుంటది. చొక్కా జేబులో పెట్టుకున్న రెమ్మ రాత్రికల్లా ఎండిపోయి ఆ చిన్న చిన్న ఆకులన్నీ జేబు మూలలో రాలి ఉంటాయి, దానికి కొమ్మ ఎందుకు? రాజస్థాన్‌లో దీన్నే ఖేజ్డీ అంటారు, 1730లో ఖేజర్లీ ఊళ్లో ఈ చెట్లు కొట్టనీయకుండా అమృతాదేవితో కలిపి 363 మంది బిష్ణోయి సంప్రదాయం వాళ్లు ప్రాణాలిచ్చారు. మన దగ్గర ఇది తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. ఈసారి పాపతో ఒక మొక్క నాటిస్తాను. సర్కారు తుమ్మ అంటగడతారేమోనని టెన్షన్, ఎలా గుర్తుపట్టాలి?

జవాబు:
ముళ్లు చూడండి. సర్కారు తుమ్మకి ఆకు మొదట్లోనే జంటగా పొడుగ్గా ఉంటాయి. జమ్మికి కణుపుల మధ్యలో, కొమ్మ మీద అక్కడొకటి ఇక్కడొకటి చిన్నగా ఉంటాయి.