పెళుసు గోళ్ళకు బయోటిన్ బిళ్ళలు వాడాలా, వద్దా?

మియాపూర్ గృహిణి:
మూడు నెలలుగా నా గోళ్ళ అంచులు ఉల్లిపొరల్లా లేస్తున్నాయి. చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటుంటే దారాలు పట్టుకుని లాగుతున్నాయి. మందుల షాపులో 10 మిల్లీగ్రాముల బయోటిన్ (ఒక బి విటమిన్) బిళ్ళలు ఇచ్చారు, రెండు వారాలుగా వేసుకుంటున్నాను. కాల్షియం తగ్గిందని మా అత్తగారు, బోరు నీళ్ళ వల్లేనని మావారు అంటున్నారు. ఎవరి మాట నమ్మను?

తార్నాక అక్క:
బిళ్ళలు ఆపకండి. ఆరు నెలల్లో నా గోళ్ళు గట్టిపడ్డాయి.

నల్లకుంట ల్యాబ్ ఉద్యోగి:
అక్కా, చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆరు నెలలంటే పాత గోరు పూర్తిగా పోయి కొత్తది వచ్చే కాలం. ఆ మధ్యలో మీ ఇంట్లో ఇంకేమైనా మారిందా?

తార్నాక అక్క:
అంట్లు తోమడానికి మనిషిని పెట్టుకున్నాను. అయినా బిళ్ళ పని చేయలేదని మీరెలా చెబుతారు?

నల్లకుంట ల్యాబ్ ఉద్యోగి:
చెప్పలేను. రోజుకు 2.5 మిల్లీగ్రాములు ఇచ్చి చూసిన అధ్యయనాల్లో కొందరికి మేలు కనిపించింది. కానీ అవి చిన్నవి, చాలావాటిలో బిళ్ళ వేసుకోనివారితో పోల్చి చూడనేలేదు. మనిషికి రోజుకు కావలసిన బయోటిన్ 30–40 మైక్రోగ్రాములే. ఉడికించిన గుడ్డు, వేరుశనగల వంటివి తినేవారికి ఆ లోపం రావడం అరుదు. 10 మిల్లీగ్రాములంటే 10,000 మైక్రోగ్రాములు!

నా భయం వేరే ఉంది. థైరాయిడ్ తగ్గినా గోళ్ళు పెళుసెక్కుతాయి. అది తగ్గితే సాధారణంగా రక్తంలో టీఎస్‌హెచ్ అనే హార్మోను పెరుగుతుంది, పరీక్షలో చూసేది దాన్నే. ఇంత బయోటిన్ ఒంట్లో ఉంటే కొన్ని పరీక్షా పద్ధతుల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. అంటే ఏ జబ్బు కోసం వెతకాలో దాన్నే ఆ బిళ్ళ దాచేస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందే ఆపాలి. పెద్ద మోతాదైతే ఇంకా ముందే, ఎన్నాళ్ళన్నది డాక్టరు చెబుతారు. రక్తం ఇచ్చేటప్పుడు ఈ సంగతి చెప్పేవారే తక్కువ. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

గోరు గట్టిదనం కాల్షియంతో రాదు, కెరటిన్ అనే ప్రోటీనుతో వస్తుంది. నీళ్ళలో గోరు ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. రోజుకు పదిసార్లు అలా జరిగితే పొరల మధ్య పట్టు వదులుతుంది. బోరు నీళ్ళలో సబ్బు సరిగా నురగ రాదు కాబట్టి ఇంకా రుద్దుతాం, మీవారి మాటలో ఆ మేరకు నిజముంది. దీనికి తోడు గోళ్ళరంగు చెరపడానికి అసిటోన్ వాడితే గోరుచుట్టుపై రోకటిపోటే.

మలక్‌పేట టీచరు:
ఇనుము సంగతి మరవకండి. మా అమ్మ గోళ్ళు చెంచాల్లా లోపలికి గుంటపడ్డాయి. బొటనవేలి గోటి మీద నీటి చుక్క వేస్తే జారకుండా అక్కడే నిలిచేది. హిమోగ్లోబిన్ 7 ఉంది. ఆమె అన్నం తినగానే టీ తాగేవారు, అది ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. డాక్టరు ఇనుము బిళ్ళలు ఇచ్చి ఆ టీని మాన్పించారు. గోళ్ళు మామూలుగా కావడానికి చాలా నెలలు పట్టింది.

తార్నాక అక్క:
టీచరు గారూ, మాకూ అన్నం కాగానే ఇరానీ చాయ్ అలవాటే. ఇది నాకు తెలియదు. బయోటిన్ మీద నా నమ్మకం మాత్రం పోలేదు.

నల్లకుంట ల్యాబ్ ఉద్యోగి:
మియాపూర్ అమ్మా, రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూడండి. లోపం రక్తంలో ఉంటే సాధారణంగా ఒక చేతినే పట్టుకోదు.

మియాపూర్ గృహిణి:
కిటికీ దగ్గర కూర్చుని చూశాను. కుడి చేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు గోళ్ళే పొరలు లేచాయి. పీచు పట్టుకునేది ఆ మూడు వేళ్ళతోనే. ఎడమ చేతి గోళ్ళు నున్నగా ఉన్నాయి. ఈ రోజు నుంచి లోపల నూలు గుడ్డ ఉన్న రబ్బరు తొడుగులు వేసుకుని తోముతాను, చేతులు తుడుచుకోగానే వాజిలిన్ రాస్తాను. అయినా హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ చేయించుకుంటాను. బిళ్ళలు ఆపేశాను. ఎన్నాళ్ళు ఆగాలో డాక్టరును అడిగాకే రక్తం ఇస్తాను.