పాత యాక్టివాకి 125 బోర్ కిట్ వేయించాలా, వద్దా?

గాజువాక బండి:
2016 యాక్టివా, కార్బురేటర్ మోడల్, 109 సీసీ. 48 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ గాజువాక నుంచి మధురవాడ. ఒకప్పుడు హైవే మీద 80 లాగేది, ఇప్పుడు ముల్లు 68 దగ్గరే మొరాయిస్తోంది. మొన్న ఆదివారం మా ఆవిడతో సింహాచలం కొండెక్కితే 25 దాటలేదు. వెనకొచ్చిన బైకులన్నీ హారన్ కొట్టి మరీ దాటిపోయాయి. షెడ్డు అతను "సార్, 125 కిట్ ఎక్కించేద్దాం, 100 కొడుతుంది" అంటున్నాడు. పాత సిలిండర్, పిస్టన్ తీసేసి పెద్దవి వేస్తాడట. నాకు స్పీడూ కావాలి, ఇంకో అయిదేళ్లు దారిలో నిలబెట్టకుండా తిరగాలి కూడా. వేయించొచ్చా?

నూటపాతిక:
వేయించు అన్నా. నేను వేయించి రెండేళ్లయింది, 14 వేలు తిరిగాను. సిగ్నల్ దగ్గర తేడా వెనక కూర్చున్నవాళ్లకి కూడా తెలుస్తుంది. మెయిన్ జెట్, అంటే కార్బురేటర్లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం, ఒక సైజు పెంచాలి, మొదటి 500 కిలోమీటర్లు మెల్లగా నడపాలి, ఆయిల్ 2 వేలకోసారి మార్చాలి. ఇవి చేయనివాళ్లే కిట్‌ని తిడతారు.

చల్లారిన పిస్టన్:
ఆ తిట్టేవాళ్లలో నేనొకణ్ని. జెట్ మార్చాననే చెప్పాడు మా మెకానిక్. విజయనగరం నుంచి వస్తూ తగరపువలస దాటాక 85 మీద ఉన్నాను. ముందు పవర్ తగ్గింది, తర్వాత ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టయింది, వెనక చక్రం కీచుమని జారి బండి ఆగింది. పిస్టన్ పట్టేసింది. ప్లగ్గు విప్పితే మొన సున్నం రాసినంత తెల్లగా ఉంది. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అన్నమాట. కాఫీ రంగులో ఉండాలి అది. అప్పటిదాకా ఒక్కసారైనా ప్లగ్గు విప్పి చూసుకోకపోవడం నా తప్పు.

స్కూటర్ ఇంజిన్‌కి బైకులా ఎదురుగాలి తగలదని గుర్తుపెట్టుకోండి. కవర్ల లోపల చిన్న ఫ్యాను తోలే గాలే దానికి దిక్కు. ఆయిల్ లీటరు కూడా పట్టదు. వేడి పెంచితే పోయేదారి లేదు.

కవర్ విప్పినోడు:
గాజువాక అన్నా, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. 80 వెళ్లే బండి 68కి ఎందుకు పడిపోయింది? ఆ 12 ఎటు పోయాయో తెలీకుండా కిట్ వేస్తే చిల్లు కుండలో పెద్ద చెంబుతో నీళ్లు పోసినట్టే.

ఎడమ పక్క కవర్ విప్పించు. ఇంజిన్ నుంచి వెనక చక్రానికి పవర్ మోసే బెల్టు అక్కడే ఉంటుంది. దాని ముందు పుల్లీ లోపల బరువు కోసం ఆరు రోలర్లు ఉంటాయి. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ అవి బయటికి జరిగి పుల్లీ రెండు పళ్లేలనీ దగ్గరికి నొక్కుతాయి, బెల్టు పుల్లీ అంచువైపు ఎక్కుతుంది. బెల్టు ఎంత పైకెక్కితే అంత టాప్ స్పీడ్. బెల్టు అరిగి సన్నబడినా, రోలర్లు ఒకవైపు బల్లపరుపుగా అరిగినా ఆ చివరి ఎత్తు అందదు. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు.

పరీక్ష తేలిక. పుల్లీ ముఖం మీద మధ్య నుంచి అంచుదాకా మార్కర్ పెన్నుతో ఒక గీత గియ్యి. కవర్ బిగించి, ఖాళీ రోడ్డు మీద ఒకసారి ఫుల్ త్రాటిల్ ఇచ్చి వచ్చి మళ్లీ విప్పు. బెల్టు ఎక్కినంత మేర ఇంకు చెరిగిపోతుంది. అంచు దగ్గర గీత ఎంత మిగిలిందో నీ స్పీడు అంత అందకుండా పోయినట్టు.

నూటపాతిక:
అదంతా రిపేరు గురూ. అతను అడిగింది అప్‌గ్రేడ్.

కవర్ విప్పినోడు:
సరే, అప్‌గ్రేడ్ లెక్కే చూద్దాం. పై వేగాల్లో బండి పోట్లాడేది ఎక్కువగా గాలితోనే. దానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్లాలంటే దాదాపు రెట్టింపు పవర్ కావాలి. 109ని 125 చేస్తే పెరిగేది మహా అయితే 15 శాతం. ఆ 15 శాతంతో 80 కాస్తా 84 అవుతుంది. షెడ్డు అతను చెప్పిన 100 ఎక్కడినుంచి వస్తుందో అతన్నే అడుగు. పికప్ పెరుగుతుంది, అది ఒప్పుకుంటాను. నూటపాతికా, నీకు నచ్చిందీ అదే, స్పీడు కాదు.

ఇక బ్రేకులు. ముందూ వెనకా 130 మిల్లీమీటర్ల డ్రమ్ములు. వాటి గురించి కిట్ అమ్మేవాడు ఒక్క ముక్క మాట్లాడడు.

ఆర్‌సీ బుక్కు:
మధ్యలో దూరుతున్నాను. సీసీ ఆర్‌సీలో రాసి ఉంటుంది. దాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, 6 నెలల దాకా జైలు కూడా ఉంది. ఎవరు పట్టుకుంటారులే అంటారు, నిజమే. యాక్సిడెంట్ క్లెయిమ్ పెట్టినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయర్ పట్టుకుంటాడు.

నూటపాతిక:
నా బండిని ఇప్పటిదాకా ఎవరూ ఆపలేదు సార్.

గాజువాక బండి:
నిన్న విప్పించాను. గీత అంచు దగ్గర చిన్నవేలి గోరంత చెరగకుండా మిగిలింది. రోలర్లలో నాలుగు బల్లపరుపు, ఒకటైతే తొక్కిన బఠానీలా ఉంది. బెల్టు మీద అడ్డంగా సన్న పగుళ్లు. బెల్టు, రోలర్లు కంపెనీవే కొత్తవి వేయించి టాపెట్లు (వాల్వుల సందు) సెట్ చేయించాను, ఎయిర్ ఫిల్టర్ మార్పించాను. వెనక టైర్లో గాలి కూడా సగమే ఉంది, సిగ్గేసింది. ఈ ఉదయం ఎండాడ దగ్గర 79.

కానీ కొండ మీద ఇద్దరం ఉంటే ఇంకా 32 దాటట్లేదు.

కవర్ విప్పినోడు:
అక్కడే తేలిక రోలర్లు పనికొస్తాయి. కంపెనీవాటి కంటే ఒక గ్రాము తక్కువవి వెయ్యి. ఇంజిన్ ఎక్కువ తిరుగుళ్ల మీద ఉండి కొండెక్కేటప్పుడు బాగా లాగుతుంది. టాప్ స్పీడ్ పెరగదు, మైలేజీ కొంచెం పోతుంది. రెండు మూడు గ్రాములు తగ్గించకు, 50 మీదే గోల పెడుతుంది. పాతవి పారేయకు, నచ్చకపోతే అరగంటలో వెనక్కి మార్చుకోవచ్చు.

నూటపాతిక:
సిగ్నల్ దగ్గర కలుద్దాం అన్నా.

గాజువాక బండి:
కలుద్దాం తమ్ముడూ, ఎన్‌ఏడీ దగ్గర. గ్రాము తక్కువ రోలర్లు వైజాగ్‌లో ఎక్కడ దొరుకుతాయో ఎవరికైనా తెలుసా? నేనడిగిన రెండు షాపుల్లోనూ కిట్టే చూపిస్తున్నారు.