నల్లరేగడిల ఇంకుడుగుంత పనిచేస్తదా?

కిన్వట్ పోరడు: స్నానం నీళ్లు, బట్టలు పిండినయ్, బోళ్లు తోమినయ్ అన్నీ గల్లీలకే పోతున్నయ్, దోమలు మస్తు, పక్కింటాయనతో రోజూ లొల్లి. శోష్ ఖడ్డా (ఇంకుడుగుంత) తవ్వుదామంటే మాది నల్లరేగడి, ఇంకుతయా అన్నా?

మేస్త్రి: ఉత్త నల్లమట్టిల ఇంకయ్ తమ్మీ, తడిస్తే ఉబ్బి మూసుకపోతది. మొరం (నీళ్లు ఇంకే గరుకు నేల) తగిలేదాక తవ్వి కింద పెద్దరాళ్లు, మీద చిన్నయి పొయ్యి. బోరుకు దూరంగ. లెట్రిన్ నీళ్లు అస్సలు కలపకు.

చంద్రాపూర్ అక్క: గుంతకంటే ముందు చిన్న హౌదు కట్టు, అసలు పనంతా దాంట్లనే. మెతుకులు, నూనె జిడ్డు అక్కడ ఆగాలె, లేకుంటే రాళ్లు జిగటపట్టి వానకాలంల పొంగుతది చూడు, ఆ కంపు చెప్పలేం.

కిన్వట్ పోరడు: మొరం మస్తు లోతుంటే?

చంద్రాపూర్ అక్క: అరటి, మెట్టతామర పెట్టి ఆ నీళ్లు పాదులకు మళ్లియ్యి. పాలకూర, కొత్తిమీరకు వద్దు. 24 గంటలు దాటి నిల్వ ఉంచకు.